కొత్తిమీర ప్యాకెట్టు, కరివేపాకు మొక్క: దేనికి డబ్బు పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి

విత్తనాల కొట్టుకో నర్సరీకో వెళ్లినవాళ్లు ఏది మరిచినా ఈ రెండూ మాత్రం మరవరు: ఒక కొత్తిమీర విత్తనాల ప్యాకెట్టు, ఒక కరివేపాకు మొక్క. మూడు నెలలు పోయాక చూస్తే చాలా ఇళ్లలో కొత్తిమీర ఆకు లేకుండా పూతకొచ్చి ఉంటుంది, కరివేపాకు మొక్క తెచ్చిన రోజు ఎంత ఉందో అంతే ఉంటుంది. సరుకు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు. కొన్నిసార్లు ఆ తిట్టు న్యాయమే. ఎక్కువసార్లు మాత్రం కొత్తిమీర కొన్న నెల తప్పు, కరివేపాకుకు కత్తెర వేయకపోవడం తప్పు. అందుకే ఈ రెండింటినీ సరుకులుగా పక్కపక్కన పెట్టి, బజార్లో దొరికే రకాల్లో ఏవి పనికొస్తాయో, ఇంటికి తెచ్చాక ఏం అడుగుతాయో చూద్దాం.

కొత్తిమీర: ప్యాకెట్టులో ఏముంది

అన్నిటికన్నా చవక వంటింటి ధనియాలు. చల్లితే మొలుస్తాయి కదా, ప్యాకెట్టు ఎందుకు అనేవాళ్లున్నారు. మొలుస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ కిరాణా కొట్లకు వచ్చే ధనియాల్లో ఎక్కువ భాగం రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్‌ల పంట. కోటా దగ్గరి రామ్‌గంజ్ మండి ఈ సరుకుకు పేరుపడ్డ మార్కెట్. అవన్నీ గింజ కోసం ఎంచిన రకాలు. నాలుగాకులు వేసి గబగబా నడిమి కాడ లేపి పూయడమే వాటి పని. పైగా నిల్వ ఎన్నాళ్లదో తెలియదు, పచ్చరంగు నిలవడానికి గంధకం పొగ పట్టించిన సరుకూ ఉంటుంది. వాడాలనుకుంటే ముందు పరీక్ష చేయండి. 50 గింజలు తడి గుడ్డలో చుట్టి, ఆరకుండా చూస్తూ 10 రోజులు నీడలో ఉంచాలి. 25 కన్నా తక్కువ మొలిస్తే ఆ డబ్బా చారు పొడికి పోవాల్సిందే. కొన్న ప్రతిసారీ ఒక్కో రకంగా ఉండే సరుకు కాబట్టి ఐదుకు రెండు మార్కులు.

తర్వాతిది మామూలు విత్తనాల ప్యాకెట్టు. ఇందులో చూడాల్సింది బొమ్మ కాదు, వెనకాల లేబులు. మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ మూడూ ఉండాలి. కొత్తిమీర ధ్రువీకరణ విత్తనానికి కనీస మొలక 65 శాతం, గడువు మామూలుగా పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. వేసవి అంతా ఎండ తగిలే అద్దాల అరలో వేలాడిన ప్యాకెట్టు గడువులో ఉన్నా సగానికి సగం మొలవకపోవచ్చు. గింజ గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటే అది తెగుళ్ల మందు పట్టించిన విత్తనం. చేతులు కడుక్కోవాలి, మిగిలింది పోపుల డబ్బాలో కలవకుండా చూసుకోవాలి. ఇది ఏటా ఎక్కడో ఒకచోట జరిగే పొరపాటే.

గుంటూరు దగ్గరి లాం ఫారం అనే పరిశోధన కేంద్రం నుంచి సింధు, సాధన, స్వాతి, సుధ, సుగుణ లాంటి రకాలు వచ్చాయి. అవి ప్రధానంగా నల్లరేగళ్లలో రబీలో వర్షాధారంగా ధనియాలు తీసే రైతు కోసం. ఆకు కావాలంటే అక్కడిదే సురుచి అడగాలి. కొట్టువాడు 'అన్నీ కొత్తిమీరేనండీ' అంటాడు. ఆకు రకానికీ గింజ రకానికీ తేడా చెప్పలేని కొట్లో ప్యాకెట్టు మీద సాగు కాలం చదువుకుని నిర్ణయించుకోవడమే మేలు.

మూడోది మల్టీకట్ అని అమ్మేది. మామూలు ప్యాకెట్టుకు కొన్ని రెట్లు ధర. చలికాలంలో ఈ ధర న్యాయమే: కాడ ఆలస్యంగా లేస్తుంది, ఆకు వెడల్పు, మొదళ్లు వదిలి కోస్తే రెండు మూడు కోతలు వస్తాయి. ఏప్రిల్లో అదే ప్యాకెట్టు ఒక కోతకు మించి ఇవ్వదు. ఎండకు ఏ బ్రాండైనా ఒకటే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే దీనికి నాలుగున్నర మార్కులు, మిగతా నెలల్లో రెండు.

ఆ నెలల లెక్క ఎందుకంటే, కొత్తిమీర చలి పంట. 20 నుంచి 25 డిగ్రీల మధ్య చక్కగా మొలుస్తుంది. 30 దాటితే మొలక పలచబడుతుంది, మొలిచింది కూడా పగటి పొడవు పెరిగేకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆకు మాని పూతకు పరిగెత్తుతుంది. ఒకసారి కాడ లేచాక ఎరువు వేసినా, నీళ్లు పోసినా, చివర తుంచినా వెనక్కి రాదు. ఆకులు సన్నగా సోంపు ఆకులా చీలిపోతాయి, రుచి ఘాటవుతుంది. కోస్తా, తెలంగాణ, రాయలసీమ ఎక్కడైనా అక్టోబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా విత్తడం మంచిది. మదనపల్లె, అరకు లాంటి చల్లటి చోట్ల ఇంకొంత వెసులుబాటు ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వేడి తగ్గినా వానకు మొలకలు పడిపోతాయి, మొదళ్లు కుళ్లుతాయి.

ఇందులో ఒక తిరకాసుంది. మనం ఇంట్లో హాయిగా పండించుకోగల చలికాలంలోనే బజార్లో కట్ట చవక. కట్ట ధర మండిపోయే మే నెలలో, వానల్లో ఇంట్లోనూ పండదు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని కొత్తిమీర వేయకండి. అప్పుడే కోసిన ఆకు వాసన కోసం, మందు కొట్టని ఆకు కోసం అయితే వేయండి.

విత్తడం, మొలవకపోవడం

తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 8 అంగుళాల లోతు ఉంటే చాలు. వెడల్పు కన్నా లోతు చూసుకోవాలి, ఎందుకంటే ఇది ముల్లంగి, క్యారెట్ లాగే తల్లివేరు నేరుగా కిందికి దించే మొక్క. నారు పోసి పీకి నాటితే తిరిగి పట్టుకోదు, పట్టుకున్నా బెదిరి పూతకొస్తుంది. కాబట్టి ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. నర్సరీల్లో చిన్న కప్పుల్లో కొత్తిమీర నారు అమ్ముతుంటారు. అది కొనడం శుద్ధ దండగ.

మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి పేడ కలిపితే ఆ వేడికి మొలక చస్తుంది. ధనియం గుండ్రని కాయ, లోపల రెండు పప్పులు. దాన్ని రెండు బద్దలుగా చీల్చాలి. గోనె మీద పరిచి చెప్పు అడుగుతో మెల్లగా రుద్దితే సరిపోతుంది. రోట్లో దంచితే పప్పు నలుగుతుంది, మిక్సీలో వేస్తే పొడే మిగులుతుంది. బద్దల్ని 12 గంటలు నీళ్లలో నానబెట్టి, వడకట్టి, నీడలో కాస్త ఆరబెట్టి చల్లుకోవాలి. మందు పట్టించిన విత్తనాన్ని మాత్రం నానబెట్టకూడదు, మందు కాస్తా కడుక్కుపోతుంది.

పైన చెప్పిన తొట్టికి ఒక టేబుల్ స్పూను, అంటే సుమారు 5 గ్రాములు చాలు. నాలుగు అంగుళాల ఎడంగా గీతలు గీసి, గీతలో చల్లి, ఒక సెంటీమీటరు మందాన మట్టి కప్పాలి. అంతకన్నా లోతుకు పోతే పైకి రాలేవు, పైపైన ఉంటే పిచ్చుకలకు మేత. తడి గోనె కప్పి, సన్న జల్లుతో నీళ్లు చల్లాలి. మొలకకు 8 నుంచి 15 రోజులు పడుతుంది. 'వారమైంది, మొలవలేదు' అని తవ్వి చూసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఆరో రోజు నుంచి రోజూ గోనె ఎత్తి చూసి, తెల్లటి మొలక కనబడిన వెంటనే తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే కాడలు సాగి, పాలిపోయి పడిపోతాయి.

మొలిచాక ఎదురయ్యే తెగుళ్లలో మొదటిది నారుకుళ్లు. మొదలు దగ్గర నీరు పట్టినట్టై, గుంపులు గుంపులుగా వాలిపోతాయి. ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్లు పోయడం, అడుగు రంధ్రాలు మూసుకుపోవడం దీనికి కారణాలు. నీళ్లు ఉదయం పోయాలి, పైన అర అంగుళం మట్టి ఆరాకే మళ్లీ పోయాలి. డిసెంబరు, జనవరి మంచుకు ఆకు మీద తెల్లటి పొడి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. ఇంటి తొట్టిలో దానికి గంధకం కొట్టడం కన్నా వచ్చిన కొసల్ని కోసి పారేసి, మిగతాది త్వరగా కోసి వాడేసుకోవడం తెలివైన పని. పేనుబంకకు గట్టిగా నీళ్లు జల్లితే చాలావరకు రాలిపోతుంది. వేపనూనె కొట్టారా, ఆ ఆకు వారం రోజులు పచ్చడికి పనికిరాదు, చేదు.

40 నుంచి 45 రోజులకు కోత. మంచి చలిలో ఆ తొట్టి నుంచి పావుకిలో దాకా ఆకు వస్తుంది. మళ్లీ చిగురించాలంటే మొదలుకు రెండు అంగుళాలు పైన కత్తెరతో కోయాలి, నడిమి గుబ్బ తెగకూడదు. కోసిన మర్నాడు వేరుశనగ చెక్క నీళ్లు పోయవచ్చు: 100 గ్రాముల చెక్క లీటరు నీళ్లలో మూడు రోజులు నానేసి, దానికి పదింతలు నీళ్లు కలిపి. ఆగకుండా ఆకు కావాలంటే ఒకే తొట్టి మీద ఆశ పెట్టుకోవద్దు. మూడు తొట్లు పెట్టి రెండేసి వారాల తేడాతో విత్తుకోవాలి.

పూతకొచ్చిందని పీకి పారేయడం ఎందుకు? ఆ తెల్లటి గొడుగుపూల మీద తేనెటీగలు, అక్షింతల పురుగులు చేరతాయి. శనగలో ధనియాలు అంతరపంటగా వేసుకోమని చెప్పడానికి ఒక కారణం ఇదే, పచ్చపురుగును తినే మిత్రపురుగులు వస్తాయని. మిరప కుండీ పక్కన ఆ తొట్టి జరిపి ఉంచితే పేనుబంక తగ్గుతుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నూరి చారులో వేస్తే ఆకు వాసన, ధనియం వాసన రెండూ కలిసొస్తాయి. బజార్లో కొనడానికి దొరకని రుచి అది.

కరివేపాకు: సంచిలో మొక్క

ఆన్‌లైన్లో కరివేపాకు విత్తనాలు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. వాటికి సున్నా మార్కులు, సందేహం అక్కర్లేదు. కరివేపాకు గింజ ఎండితే చస్తుంది. నల్లగా పండిన కాయను కోసి, గుజ్జు కడిగేసి, వెంటనే విత్తాలి. రెండు మూడు వారాలు దాటితే మొలక చాలావరకు పోతుంది. ఎండబెట్టి, ప్యాక్ చేసి, గోడౌన్‌లో పెట్టి, కొరియర్‌లో పంపిన గింజలో ప్రాణం ఉంటుందనుకోవడం అత్యాశ. ఎవరి పెరట్లోనైనా వానాకాలం మొదట్లో పండ్లు రాలుతుంటే అడిగి తెచ్చుకుని అదే రోజు విత్తండి, ఆ గింజలు బాగానే మొలుస్తాయి. పిట్టలు విత్తిన మొక్కలు చెట్టు కింద ఎన్నో లేవడం చూస్తూనే ఉంటాం కదా.

నర్సరీలో మూడు రూపాల్లో దొరుకుతుంది. చిన్న సంచిలో విత్తనపు మొక్క, జానెడు ఎత్తు. చెట్టు వేళ్ల నుంచి లేచిన పిలకను విడదీసి సంచిలో పెట్టింది. పెద్ద సంచిలో మూడు నాలుగు అడుగుల మొక్క. చూడగానే పెద్ద సంచి మీద మనసు పోతుంది. అక్కడే జాగ్రత్త కావాలి. ఏళ్ల తరబడి ఒకే సంచిలో ఉన్న మొక్కకు వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి, నేలలో పెట్టినా ఆ చుట్టలోనే తిరుగుతాయి. సంచి అడుగు నుంచి బొటనవేలంత వేరు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే వదిలేయండి. అది పీకేటప్పుడు తెగుతుంది, మొక్క నెలల తరబడి కుదురుకోదు.

మాకు నచ్చింది అడుగున్నర ఎత్తు, పెన్సిలంత కాండం, కనీసం రెండు కొమ్మలు, కొసల్లో లేత చిగురు ఉన్న మధ్యరకం మొక్క. ధర తక్కువ, ఒక ఏడాదిలో పెద్ద సంచి మొక్కను దాటిపోతుంది. పిలక మొక్కకైతే తల్లిచెట్టు వాసన ఎలా ఉందో అలాగే వస్తుంది, అది దాని లాభం. కానీ పిలకకు సొంత వేళ్లు ఉన్నాయో లేదో అడగాలి. వట్టి పుల్లను మట్టిలో గుచ్చి నాలుగు రోజుల్లో అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. మొదలు పట్టుకుని కొంచెం పైకి లాగితే మట్టిముద్ద కూడా కదలాలి. పుల్ల ఒక్కటే కదిలిందంటే వేరు లేనట్టే.

ఆకు నలిపి వాసన చూడకుండా కొనకండి. వెడల్పాటి, నిగనిగలాడే ఆకు చూడ్డానికి బాగుంటుంది, వాసన ఉండదు. ఈనె ఎర్రగా ఉండి ఆకు చిన్నదైతే సాధారణంగా ఘాటెక్కువ, తమిళనాడు వాళ్ల సెంకాంబు అలాంటిదే. కర్ణాటకలోని ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి డీడబ్ల్యూడీ-1, డీడబ్ల్యూడీ-2 రకాలు వచ్చాయి. మొదటిది చలికి చిగురు సరిగా వేయదు, రెండోది చలికాలంలోనూ వేస్తుంది. హైదరాబాద్ లాంటి చలి తగిలే చోట్లకు, దొరికితే, రెండోదే అడగాలి. కోస్తాలో ఏదైనా ఒకటే. రాజమహేంద్రవరం పక్కన కడియం నర్సరీల నుంచి లారీల్లో రాష్ట్రమంతా వెళ్లే మొక్కల్లో రకం పేరు రాసి ఉన్నవి అరుదు, కాబట్టి ముక్కే లేబులు.

చివరగా చిగురు తిప్పి చూడండి. లేత ఆకు ముడుచుకుని, కొసన తెల్లటి మైనపు దారాల్లాంటివి ఉంటే అది సిల్లా పురుగు. బత్తాయి, నిమ్మ తోటలకు పచ్చతెగులు మోసే పురుగు ఇదే, కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానిదే కనుక దీని మీద చేరుతుంది. ఇంట్లో నిమ్మ, బత్తాయి మొక్కలుంటే అలాంటి సంచిని గేటు దాటనివ్వకండి. కాండం మీద గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని ఉంటే అవి పొలుసు పురుగులు. వాటిని పళ్లు తోముకునే పాత బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి రుద్దేయవచ్చు, దానికోసం మొక్క వదులుకోనక్కర్లేదు.

నాటడం, కత్తిరించడం

నేల ఉంటే నేలలోనే. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గుంత తీసి, ఒక తట్టెడు మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి మట్టితో కలిపి నింపాలి. వానలు మొదలయ్యాక నాటితే నీటి శ్రమ తక్కువ. రోజుకు ఆరుగంటల ఎండ పడాలి. గోడ నీడన, జామచెట్టు కింద పెట్టిన కరివేపాకు బతుకుతుంది కానీ ఆకు పలచగా, వాసన చప్పగా ఉంటుంది. నీళ్లు నిలిచే చోటు అసలు పనికిరాదు. చేపలు, బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చా అని అడుగుతుంటారు. పోయొచ్చు, కానీ వంటింటి కాలువ నేరుగా మొదట్లోకి వదిలితే సబ్బుకూ తడికీ వేరు కుళ్లుతుంది.

కుండీలో అయితే మొదట 12 అంగుళాలది, ఏడాదికి 18 అంగుళాలది. ఒకేసారి పెద్ద డ్రమ్ములో చిన్న మొక్క పెడితే వేరు అందుకోని మట్టి తడిగానే ఉండి పులుస్తుంది. సంచి మట్టి జిగురు బంకలా గట్టిపడి ఉంటే నాటే ముందు అరగంట నీళ్లలో ముంచి, బయటి అంగుళం మట్టి వేళ్లతో సడలించాలి. ఇది చేయకపోతే పోసిన నీరు ముద్ద పక్కనుంచి జారిపోతుంది, లోపల వేరు ఎండుతుంది. నర్సరీ మొక్కలు మొదటి నెలలో చచ్చిపోవడానికి ఎక్కువగా కనబడే కారణం ఇదే.

ఇప్పుడు కత్తెర. ఇష్టమొచ్చినప్పుడు ఒక ఆకు, రెండు ఆకులు గిల్లుకుంటూ పోతే మొక్క ఒంటికాడగా పైకి సాగి, పైన నాలుగు రెమ్మలతో కొరడాలా నిలబడుతుంది. నేలలో మొక్క మీటరు ఎత్తుకు రాగానే కొన కత్తిరించాలి, కుండీలో అయితే అడుగున్నర దగ్గరే. అప్పుడు పక్కల నుంచి కొమ్మలొస్తాయి, అయిదారు ఉంచుకోవాలి. వాడకానికి కోసేటప్పుడు కూడా ఆకులు దూయకుండా కొమ్మ కొసను జానెడు పొడవున ముక్కలా కోయాలి. కోసిన చోట రెండు చిగుళ్లు వస్తాయి. తమిళనాడు కారమడైలో, మన మంగళగిరి దగ్గర పెదవడ్లపూడిలో తోటలుగా పెంచేవాళ్లకు చెట్టు కనబడనే కనబడదు, నడుమెత్తు పొదలే. రెండున్నర మూడు నెలలకోసారి కొమ్మలతో సహా కోసేస్తారు.

జనవరి చివర, చలి విరుగుతున్నప్పుడు ఏడాదికోసారి మొత్తం మొక్కను రెండడుగులకు నరకాలి. చేయి రాదు చాలామందికి. నరకకపోతే మార్చిలో చిగురుకు బదులు పూత వస్తుంది, కాయ కాస్తుంది, ఆకు మానేస్తుంది. పూగుత్తులు కనబడితే తుంచేయండి. డిసెంబరులో ఆకు పసుపెక్కి రాలితే కంగారుపడి ఎరువు గుమ్మరించకండి. అది నిద్ర, నీళ్లు సగానికి తగ్గించి వదిలేయాలి.

ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. సున్నపు నేలల్లో, బోరు ఉప్పునీళ్లు పోసేచోట ఎక్కువ. దీనికే అందరూ పుల్లమజ్జిగ చెబుతారు. పదింతలు నీళ్లు కలిపి నెలకోసారి పోస్తే నష్టం లేదు, కుండీ మట్టిలో కొంత పులుపు చేరుతుంది. చిక్కటి మజ్జిగ వారం వారం పోస్తే పైన బూజు, చీమలు, వాసన తప్ప ఒరిగేదేమీ లేదు. లోపం ఉన్నప్పుడు పని చేసేది అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం: లీటరు నీటికి 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లపూట ఆకు మీద పిచికారీ, వారం ఎడంగా రెండు మూడుసార్లు. కలిపిన గంటలోపే వాడేయాలి, తుప్పురంగు తిరిగితే పారబోయాలి.

ఒక్క రాత్రిలో ఆకులన్నీ మాయమైతే నిమ్మ సీతాకోకచిలుక పిల్లలున్నట్టు. లేతగా ఉన్నప్పుడు పిట్టరెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటాయి. చేత్తో ఏరితే సరిపోతుంది. మందు కొట్టాల్సిన పురుగే కాదు.

పంట చేతికొచ్చాక

వాడకంలోనూ ఈ రెండింటి దారులు వేరు. కొత్తిమీర వాసన ఇట్టే ఎగిరిపోయేది, మరిగే పులుసులో వేస్తే రెండు నిమిషాల్లో గడ్డిరుచి మిగులుతుంది. పొయ్యి కట్టేశాక వేసి మూత పెట్టాలి. కాడలు, వేళ్లు మాత్రం వేడికి తట్టుకుంటాయి, వాటిని కట్టగా చారులో మరిగించి తీసేయవచ్చు. కరివేపాకు వాసన నూనెలో దిగేది. పోపులో ఆవాలు చిటపటలాడాక, మిరపకాయ రంగు మారాక వేయాలి. నీటి చుక్కలున్న రెమ్మ వేస్తే నూనె చిందుతుంది, తుడిచి వేయండి.

ఎండబెడితే కొత్తిమీర ఎందుకూ పనికిరాదు. డబ్బాల్లో అమ్మే ఎండు కొత్తిమీర ఆకు కొనడం శుభ్రంగా వృథా. కరివేపాకు నీడలో గలగలలాడేలా ఆరితే పొడికి అక్కరకొస్తుంది: రెండు కప్పుల ఆరిన ఆకుకు పది ఎండుమిర్చి, రెండేసి చెంచాల శనగపప్పు, మినప్పప్పు, చెంచా జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు. ఆకులో తడి మిగిలితే వారంలో ముద్దకడుతుంది. కొత్తిమీరను నిలవ చేయాలంటే పచ్చడే మార్గం, కడిగిన ఆకును గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, నీటి చుక్క తగలకుండా చింతపండుతో నూరుకోవాలి.

ఫ్రిజ్‌లో కొత్తిమీరను కడగకుండా, వేళ్లు కోసి, కాగితంలో చుట్టి పెడితే వారం దాటుతుంది. కరివేపాకు రెమ్మల్ని పొడి గుడ్డతో తుడిచి, కాగితం పరిచిన డబ్బాలో పెట్టాలి. తడితో పెడితే నల్లబడుతుంది.

ఆరోగ్యం మాటకొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల కరివేపాకుకు 830 మిల్లీగ్రాముల కాల్షియం, కొత్తిమీరకు 184 రాసి ఉంది. అంకె పెద్దదే. కానీ కూరలో పడేది రెండు గ్రాముల రెమ్మ, అదీ కంచం పక్కకు తీసి పెడతాం. పొడిగానో కారంగానో తింటేనే ఆ లెక్కకు కొంత అర్థం. బజారు కరివేపాకు మీద ఇంకో మాట: ఇందులో పురుగుమందుల అవశేషాలు ఉంటున్నాయని యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి వెళ్లే కరివేపాకుకు అదనపు తనిఖీలు పెట్టింది. కట్ట కొంటే బాగా కడగాలి. ఇంటి చెట్టుకు నాలుగున్నర మార్కులు వేయడానికి సగం కారణం ఇదే. చిన్న కుటుంబానికి కుదురుకున్న పొద ఒక్కటి చాలు.

విదేశాల్లో కొనేవాళ్లకు

కొత్తిమీర అక్కడ సులువు, మార్చి నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరులో, చలిదేశాల్లో మనకన్నా బాగా పండుతుంది. ఇబ్బంది కరివేపాకుతోనే. బ్రిటన్, యూరప్ నర్సరీల్లో 'కర్రీ ప్లాంట్' అని బూడిదరంగు సన్నాకులతో, పసుపు పూలతో ఒక మొక్క అమ్ముతారు. దానికీ మన కరివేపాకుకూ చుట్టరికమే లేదు, తాలింపులో వేస్తే చేదు. లేబులు మీద ముర్రయా లేదా బెర్గెరా కోయెనిగీ అని ఉన్నదే కొనాలి. అమెరికాలో నిమ్మజాతి పచ్చతెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక కరివేపాకు మొక్కల రవాణా మీద ఆంక్షలు పెరిగాయి. ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లోని ఆంక్షల ప్రాంతాల నుంచి స్నేహితుల కారులో మొక్క తెచ్చుకోవడం నేరమవుతుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో తేవడం అంతకన్నా. మీ రాష్ట్రానికి పంపే అనుమతి ఉన్న నర్సరీ దగ్గరే కొనండి.

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకముందే కుండీ ఇంట్లోకి తేవాలి, మంచు తగిలితే చస్తుంది. దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, హీటరు గాలి తగలకుండా చూసి, నీళ్లు పది పదిహేను రోజులకోసారి. ఆకంతా రాలినా పారేయకండి. కాండం మీద గోటితో గీరండి, లోపల పచ్చగా ఉంటే ఏప్రిల్లో చిగురిస్తుంది. ఆ నాలుగు నెలలకు వేసవి కోతను రెమ్మల నుంచి దూసి, ఆరబెట్టి, గాలి తీసిన సంచుల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. తీశాక కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేస్తే వాసన చాలావరకు నిలుస్తుంది.